చార్టులో 20: సర్జికల్ వార్డు నర్సుల శిక్షణపై ఒక కేస్ స్టడీ

ఉదయం 6:40కి, రాత్రి షిఫ్టు ముగిసే ముందు చివరి రౌండులో, ఆ రోగిని పేరు పెట్టి పిలిస్తే సరిగా పలకలేదు. వయసు 58. పెద్దపేగులో గడ్డ తీసి నాలుగో రోజు. బీపీ పై అంకె 88, నాడి 128, జ్వరం 38.6 డిగ్రీల సెల్సియస్, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 92, శ్వాసలు నిమిషానికి 34. అరగంటలో ఐసీయూకి, మధ్యాహ్నానికి మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లారు. పేగును కలిపిన చోట కుట్టు విడిపోయి, లోపలంతా ఇన్ఫెక్షన్ వ్యాపించింది. ఆయన బతికారు. చాలా రోజులు ఐసీయూలో ఉండి, పొట్ట మీద, మలం బయటికి వచ్చేందుకు పెట్టిన స్టోమా సంచితో ఇంటికి వెళ్లారు.

ఆ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ బాధ్యత అప్పుడు నాది. ఇటువంటి ఘటన జరిగితే కేస్ షీట్ మొత్తం ఒక చిన్న బృందం ముందుకు వస్తుంది. అందులో నేనూ ఉన్నాను. రాత్రి పూట నింపిన చార్టు చూస్తూ ఒక వరుస దగ్గర ఆగిపోయాను. సాయంత్రం 6కి శ్వాసలు 20. రాత్రి 10కి 20. తెల్లవారుజామున 2కి 20. అంతకు ముందు రోజు మొత్తం కూడా 20. పక్క బెడ్డు రోగి చార్టు తీశాను. అక్కడా 20. వార్డులో ఉన్న చార్టులన్నీ తెప్పించి బల్ల మీద పరిచాం. న్యుమోనియాతో ఉన్నవారికీ, మర్నాడు డిశ్చార్జి కావలసినవారికీ దాదాపు ఒకే అంకె ఉంది. 18, లేకపోతే 20.

రోగి పరిస్థితి దిగజారుతోందని ముందే పసిగట్టడానికి పాయింట్లు వేసే పద్ధతిని ముందస్తు హెచ్చరిక స్కోరు అంటారు. ఆ వార్డు నర్సులందరికీ దాని మీద శిక్షణ ఇచ్చింది నేనే. అందరి ఫైళ్లలోనూ సర్టిఫికెట్లు ఉన్నాయి. తర్వాత ఏడాదిపాటు ఏం చేశామో, ఏది పనిచేసిందో, ఏది చేయలేదో ఇక్కడ రాస్తున్నాను. రోగినీ సిబ్బందినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఒక్క శ్వాస తేడా

మేము వాడే స్కోరు న్యూస్‌2 (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్, రెండో రూపం). లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ప్రవేశపెట్టి, 2017లో సవరించిన పద్ధతి ఇది. శ్వాసలు, సాచురేషన్, అదనపు ఆక్సిజన్ ఇస్తున్నారా లేదా, బీపీ, నాడి, స్పృహ, జ్వరం, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా పాయింట్లు వేస్తారు. మొత్తం 5 దాటినా, 5 అయినా డాక్టరును వెంటనే పిలవాలి, గంటకోసారి చూడాలి. 7 దాటినా, 7 అయినా అత్యవసరం. 1 నుంచి 4 మధ్య ఉంటే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి చూస్తే సరిపోతుంది.

తెల్లవారుజామున 2 గంటలకు ఆ రోగి చార్టులో ఉన్నవి ఇవి: నాడి 108, దానికి 1. జ్వరం 38.1, దానికి 1. సాచురేషన్ 95, దానికి 1. బీపీ 112, దానికి 0. శ్వాసలు 20, దానికీ 0. మొత్తం 3. లెక్క తప్పలేదు, కూడిక తప్పలేదు. 3 కాబట్టి తర్వాతి పరిశీలన 6 గంటల ప్రాంతంలో చేయవచ్చని నియమమే చెబుతోంది. నర్సు నియమం పాటించింది.

న్యూస్‌2లో 12 నుంచి 20 దాకా శ్వాసలకు సున్నా. 21 నుంచి 24 దాకా 2. 25 నుంచి పైకి 3. అంటే ఆ రాత్రి 20 బదులు 21 అని ఉన్నా మొత్తం 5 అయ్యేది. డాక్టరు రావలసి వచ్చేది. 2 గంటలకు ఆయన నిజంగా ఎన్నిసార్లు ఊపిరి తీశారో ఇక ఎవరికీ తెలిసే అవకాశం లేదు. నాలుగున్నర గంటల తర్వాత 34 ఉన్న మనిషికి అప్పుడు 20 ఉండి ఉంటుందని మాత్రం బృందంలో ఒక్కరూ నమ్మలేదు.

శ్వాస సంఖ్య ఎందుకు ముందుగా మారుతుందో నర్సులకు చెప్పే తీరులోనే మొదటి లోపం ఉందని తర్వాత అనిపించింది. పాయింట్ల పట్టిక బట్టీ పట్టించాం, లోపల జరిగేది చెప్పలేదు. ఇన్ఫెక్షన్ ఒంటినిండా వ్యాపించినప్పుడు కణజాలానికి రక్తం సరిగా అందక లాక్టిక్ ఆమ్లం పోగవుతుంది. రక్తంలో ఆమ్లత పెరిగిందని మెదడులోని శ్వాసకేంద్రం పసిగట్టి ఊపిరి వేగం పెంచుతుంది. కార్బన్ డయాక్సైడును ఎక్కువగా బయటికి పంపి ఆమ్లతను దించడానికి శరీరం చేసే ప్రయత్నం అది. అదే సమయంలో గుండె వేగంగా కొట్టుకుని బీపీని నిలబెడుతుంది. అందుకే బీపీ ఇంకా బాగానే కనిపిస్తుంది. సాచురేషన్ కూడా బాగానే ఉంటుంది, ఎందుకంటే రోగి వేగంగా ఊపిరి తీసి దాన్ని నిలబెడుతున్నాడు. మెషిన్ చూపే అంకెలు సవ్యంగా ఉన్నాయంటే, ఆ సవ్యతకు మూల్యం ఛాతీ కండరాలు చెల్లిస్తున్నాయని అర్థం. అవి అలిసిపోయాక అన్నీ ఒకేసారి కూలుతాయి.

1990లో అమెరికాలో ఒక బృందం వార్డుల్లో గుండె ఆగిన 64 మంది రోగుల కేస్ షీట్లు వెనక్కి తిరగేసింది. వారిలో 84 శాతం మందికి, గుండె ఆగడానికి ముందు ఎనిమిది గంటల్లో పరిస్థితి దిగజారిన ఆనవాళ్లు రికార్డులోనే ఉన్నాయి. ఎక్కువగా కనిపించినవి శ్వాసలో, స్పృహలో వచ్చిన మార్పులు. ఈ సంగతి నేను ప్రతి తరగతిలోనూ చెబుతూ వచ్చాను. విన్నవాళ్లు రాసుకున్నారు కూడా.

ఆ రాత్రి డ్యూటీ నర్సు చెప్పినది

ఆమెతో మాట్లాడటానికి వారం ఆగాను. మొదటి రెండు రోజులూ ఆమె ఏడుస్తూనే ఉందని హెడ్ నర్సు చెప్పారు. విచారణ గదిలో పిలిపిస్తే తనను తప్పుపట్టడానికే అనుకుంటుందని, డ్యూటీ అయ్యాక వార్డు వెనుక, దుప్పట్లు దాచే లినెన్ గదిలో కూర్చున్నాం. ఉద్యోగంలో చేరి మూడేళ్లు. పట్టిక అడిగితే అంకెలన్నీ తడుముకోకుండా చెప్పింది.

"మీరు శ్వాసలు ఎలా లెక్కిస్తారు?" అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లెక్కించను మేడమ్. బీపీ, నాడి, సాచురేషన్ మెషిన్ ఇస్తుంది. రోగిని చూస్తాను. ఇబ్బంది లేదనిపిస్తే 20 రాస్తాను. నేను చేరినప్పటి నుంచీ అందరూ అలాగే రాస్తున్నారు" అంది.

ఆ రాత్రి 26 మంది రోగులకు ఇద్దరు నర్సులు. ఆమె వంతు 13 మంది. ఒక్కొక్కరికి ఊపిరి పూర్తి నిమిషం లెక్కిస్తే రౌండుకు 13 నిమిషాలు అదనం. ఆ 13 నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయో నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు.

ఇంకో విషయం కూడా ఆ గదిలోనే బయటపడింది. అర్ధరాత్రి దాటాక రోగి భార్య నర్సుల బల్ల దగ్గరికి వచ్చి, "మెట్లెక్కి వచ్చినట్టు ఊపిరి తీస్తున్నారమ్మా ఈయన" అని చెప్పారట. నర్సు వెళ్లి చూసింది. ఆమెకూ ఏదో తేడాగా అనిపించింది. డ్యూటీ డాక్టరుకు ఫోను చేసింది. "డాక్టర్ గారూ, ఆ పేషెంటు కొంచెం అస్థిమితంగా ఉన్నారండీ" అంది. అంకెలు అడిగితే బీపీ, సాచురేషన్ చెప్పింది. రెండూ బాగానే ఉన్నాయి. నొప్పికి ఇంజెక్షన్ ఇవ్వండి, ఉదయం చూస్తానన్నారు డాక్టరు. ఆ ఫోను సంగతి గానీ, భార్య చెప్పిన మాట గానీ కేస్ షీట్‌లో ఎక్కడా లేవు.

అంటే ఆ రాత్రి ముగ్గురు మనుషులు ప్రమాదం అంచులను తాకారు. భార్య కంటితో చూసింది, నర్సు మనసులో శంకించింది, డాక్టరు చెవిన వేసుకున్నారు. ముగ్గురినీ కలపగలిగిన ఒకే ఒక్క అంకె మాత్రం ఎవరి చేతిలోనూ లేదు.

రికార్డుల్లో ఉన్న శిక్షణ

శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లలో చూడాలని అమెరికా విద్యావేత్త డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లోనే చెప్పారు. నేర్చుకున్నవారికి ఎలా అనిపించింది, ఏం నేర్చుకున్నారు, పనిలో ఏం మారింది, దానివల్ల ఫలితం ఏం మారింది. మా ఫైళ్లు తీసి ఈ నాలుగు మెట్ల పక్కన పెట్టి చూశాను. తరగతి బాగుందని రాసిన పత్రాలు ఉన్నాయి. పరీక్ష మార్కులు ఉన్నాయి. మూడో మెట్టుకు సంబంధించి ఒక్క కాగితం లేదు. ఆ వార్డులోని ఏ నర్సు అయినా రోగి పక్కన నిలబడి ఊపిరి లెక్కించడం నేను గానీ, నా సహోద్యోగులు గానీ ఒక్కసారి కూడా చూడలేదు. ఈ మాట నివేదికలో నా పేరు మీదే రాశాను. వ్యక్తిగా ఆ నర్సు మీద చర్య తీసుకోవాలన్న ప్రతిపాదన అక్కడితో ఆగింది.

అప్పటిదాకా మా పద్ధతి ఏడాదికి రెండు రోజుల తరగతి. 14 అంశాలు. చేతులు కడుక్కోవడం నుంచి రక్తం ఎక్కించడం దాకా అన్నీ ఆ రెండు రోజుల్లోనే. రాత్రి డ్యూటీ చేసినవారు ఉదయం 9కి వచ్చి కూర్చునేవారు, హాజరు పడకపోతే ఇబ్బంది కాబట్టి. నిద్రలేని మనిషికి ఏమీ ఎక్కదు. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు 1885లోనే, ఒకసారి నేర్చి వదిలేసినది మొదటి గంటల్లో, రోజుల్లో ఎంత వేగంగా జారిపోతుందో తన మీద తానే ప్రయోగం చేసి చూపారు. ఏడాదికోసారి పెట్టే శిక్షణ ఆ జారిపోవడాన్ని ఏడాదిపాటు చూస్తూ ఊరుకోవడమే.

మేము మార్చినవి

ముందుగా సమయం. యాజమాన్యాన్ని నేను అడిగింది కొత్త గది, కొత్త పరికరాలు కాదు. ఒక రిజిస్టరు తీసేయమని అడిగాను. చార్టులో రాసిన అంకెలనే నర్సులు మళ్లీ ఒక పెద్ద రిజిస్టరులోకి ఎక్కించేవారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తు లేదు. దాన్ని ఎవరూ చదవడం లేదని చూపించడానికి, మూడు నెలల పేజీల మీద నర్సుది కాకుండా ఇంకెవరి సంతకమైనా ఉందేమో వెతికించాను. లేదు. ఆ రిజిస్టరు ఆగిపోయాక షిఫ్టుకు దాదాపు ఇరవై నిమిషాలు మిగిలాయి. ఊపిరి లెక్కకు కావలసిన నిమిషాలు అక్కడి నుంచి వచ్చాయి. నర్సుల చేత కొత్త పని చేయించాలనుకునేవారు మొదట వారి చేతిలోంచి ఏ పని తీసేస్తారో చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. శిక్షణ కార్యక్రమాల్లో చాలావాటికి ఈ స్పృహే ఉండదు.

తర్వాత చోటు. తరగతి గది మానేసి వార్డులోకి వెళ్లాం. మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు రెండు బృందాలూ ఉండే అరగంటలో 15 నిమిషాలు, డ్యూటీ సమయంలోనే. రాత్రివారి కోసం వారానికి రెండు రాత్రులు నా పనివేళలు మార్చుకుని 10:30కి వార్డులో ఉండేదాన్ని. ఒక్కోసారి ఒక్క విషయమే.

మొదటి విషయం ఊపిరి లెక్క. నేనూ, నర్సూ ఒకే రోగిని ఒకే నిమిషంలో విడివిడిగా లెక్కించి, చీటీల మీద రాసుకుని, తర్వాత తెరిచి చూసేవాళ్లం. తేడా రెండు లోపు ఉంటే సరే. ఇంత చిన్న పనిలో ఇన్ని మెలికలు ఉంటాయని నాకే తెలియదు. ఒకామె ఊపిరి లోపలికి తీస్తే ఒకటి, వదిలితే ఒకటి అని లెక్కించి 18 ఉన్నచోట 36 రాసింది. ఎనిమిదేళ్ల సర్వీసు ఉన్న నర్సు. ఇన్నేళ్లుగా ఆమెను ఎవరూ చూడలేదు కాబట్టి ఆ తప్పు ఎవరికీ తెలియలేదు, అంకె రాసేటప్పుడు ఆమె కూడా 20 వేసేది కాబట్టి బయటపడనూ లేదు. రోగి దుప్పటి గొంతు దాకా కప్పుకుని ఉంటే కదలిక తెలియదు. మాట్లాడుతున్నప్పుడు లెక్క కుదరదు, ఆగాలి. తన ఊపిరి చూస్తున్నారని తెలిస్తే రోగి తెలియకుండానే తీరు మార్చేస్తాడు. అందుకు పాత నర్సులకు తెలిసిన ఉపాయమే ఉంది: నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, ఆ చేతిని రోగి పొట్ట మీద ఆనించి, వాచీ చూస్తూ లెక్కించడం. నాడి మెషిన్ చూడటం మొదలయ్యాక మణికట్టు పట్టుకోవడమే పోయింది, దాంతోపాటు ఈ ఉపాయమూ పోయింది.

ఇలా మూడు వేర్వేరు రోజుల్లో, ముగ్గురు వేర్వేరు రోగుల దగ్గర, అందులో ఒకటి రాత్రి పూట, సరిగా లెక్కిస్తేనే ఆ నైపుణ్యం ఫైలులో సంతకం అయ్యేది. మూడు నెలలకు మళ్లీ ఒకసారి చూసేవాళ్లం.

రెండో విషయం ఫోను. పరిస్థితి ఏమిటి, నేపథ్యం ఏమిటి, నా అంచనా ఏమిటి, మీ నుంచి నాకు ఏం కావాలి, ఈ నాలుగు వాక్యాల క్రమం అమెరికా నౌకాదళ జలాంతర్గాముల్లో మొదలై ఆసుపత్రులకు వచ్చింది. ఎస్‌బార్ అంటారు. మా నర్సులకు పేరు ముందే తెలుసు. నోరు తిరగనిది చివరి రెండు వాక్యాలు. "నా అంచనా" అనడానికి చాలామంది భయపడ్డారు. రోగనిర్ధారణ చేయడం మన పని కాదు కదా మేడమ్ అన్నారు. "ఈయన దిగజారుతున్నారని నాకు అనిపిస్తోంది" అనడం రోగనిర్ధారణ కాదని, మీరు వచ్చి చూడండి అని అడగడం ధిక్కారం కాదని మళ్లీ మళ్లీ చెప్పవలసి వచ్చింది. చెప్పడం కంటే పనిచేసింది వేరే ఉంది: డ్యూటీ డాక్టర్లను కూడా కూర్చోబెట్టి, నిజంగా రాత్రి ఫోను ఎత్తేవారితోనే సాధన చేయించడం. మొదటి రోజు ఒక జూనియర్ డాక్టరు, "శ్వాసలు ఎన్ని అని నేను ఎప్పుడూ అడగలేదు" అని తనంతట తాను ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆ వార్డు నుంచి ఫోను వస్తే మొదట ఆ అంకే అడగాలని వాళ్లలో వాళ్లు అనుకున్నారు. నర్సు లెక్కించడానికి మా 15 నిమిషాల తరగతులన్నిటికంటే ఆ ఒక్క ప్రశ్న ఎక్కువ పనిచేసిందని నా అంచనా.

మూడోది, రోగి వెంట ఉన్నవారి మాట. "ఈరోజు ఈయన ఎప్పటిలా లేరు" అని ఇంటివారు అంటే ఆ మాటను వారి మాటల్లోనే, సమయంతో సహా కేస్ షీట్‌లో రాయాలి, వెంటనే పూర్తి పరిశీలన మళ్లీ చేయాలి. దీనికి పెద్ద శిక్షణ అక్కరలేకపోయింది. ఆ రోగి భార్య అన్న వాక్యం ఒక్కసారి చదివి వినిపిస్తే చాలింది.

బేసి అంకెలు

ఇక్కడ నేను ఆరు నెలలు ఎవరికీ చెప్పని ఒక కొలత ఉంది. అర నిమిషం లెక్కించి రెట్టింపు చేస్తే ఎప్పుడూ సరి సంఖ్యే వస్తుంది. పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చిస్తే 16, 20, 24 లాంటి నాలుగు గుణిజాలు తప్ప ఇంకేమీ రాదు. పూర్తి నిమిషం లెక్కించినప్పుడే 17, 19, 23 కనిపిస్తాయి. ఎవరినీ ప్రశ్నించకుండా, ఎవరి వెనుకా నిలబడకుండా, చార్టుల్లో బేసి అంకెలు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ వార్డులో నిజంగా ఏం జరుగుతోందో తెలుస్తుంది. నిజంగా లెక్కిస్తే దాదాపు సగం అంకెలు బేసి అయి ఉండాలి.

మొదట్లో మేము పరిచిన చార్టుల్లో బేసి అంకె వెతికితే గానీ దొరకలేదు. రెండో నెలలో పగటి షిఫ్టులో కనిపించడం మొదలైంది. రాత్రి షిఫ్టులో చాలా ఆలస్యంగా, నాలుగో నెలలో. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే బేసి అంకెలు వెంటనే వచ్చేవి, లెక్కించడం మాత్రం వచ్చేది కాదు. ఆరు నెలలు గడిచాక నర్సులకే చెప్పాను. కొందరు నొచ్చుకున్నారు. చెప్పకుండా కొలవడం సబబేనా అని ఒకామె సూటిగా అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను వ్యక్తులను కొలవలేదని, వార్డు మొత్తాన్నే చూశానని, ఏ అంకె ఎవరు రాశారో ఎక్కడా నోట్ చేయలేదని చెప్పాను. ఆమె పూర్తిగా ఒప్పుకున్నట్టు నాకు అనిపించలేదు.

ప్రత్యేక శిక్షణ దగ్గర ఎదురైన చిక్కు

పై పనులు అందరి కోసం. వాటితోపాటు, పరిస్థితి విషమించే రోగుల సంరక్షణలో నలుగురు నర్సులకు లోతైన శిక్షణ ఇవ్వాలని అనుకున్నాం. ఆరు వారాలు ఐసీయూలో సీనియర్ నర్సు పక్కన పని, ధమని రక్త పరీక్ష ఫలితం చదవడం, ద్రవాలు ఎక్కించేటప్పుడు మూత్రం లెక్క, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) అనుమానం వస్తే మొదటి గంటలో చేయవలసినవి: లాక్టేట్ (రక్తంలో లాక్టిక్ ఆమ్లం) పరీక్ష, యాంటీబయోటిక్‌కు ముందు రక్త కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే పరీక్ష), యాంటీబయోటిక్, అవసరమైతే ద్రవాలు, బీపీ పెంచే మందులు. నలుగురూ చక్కగా నేర్చుకున్నారు. ప్రతి రాత్రి వీరిలో ఒకరు వార్డులో ఉండాలన్నది ఆలోచన.

రెండు నెలల్లో ఒకరిని ఓపీకి మార్చారు. అక్కడ మనిషి తక్కువైంది కాబట్టి. మరొకరు ఉద్యోగం మానేసి వెళ్లారు. వెళ్లేటప్పుడు ఆమె చెప్పిన మాట నిజం: రాత్రంతా అందరూ తననే పిలుస్తున్నారు, బాధ్యత పెరిగింది, హోదా గానీ జీతం గానీ మారలేదు.

నర్సు తొలి మెట్టు నుంచి నిపుణురాలి దాకా ఐదు దశల్లో ఎదుగుతుందని అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు పెట్రీషియా బెన్నర్ 1980ల్లో వివరించారు. అమెరికా పరిశోధకులైన డ్రైఫస్ సోదరులు నైపుణ్యం గురించి చేసిన ప్రతిపాదనను ఆమె నర్సింగ్‌కు అన్వయించారు. అందులో ఆసుపత్రుల నిర్వాహకులు గుర్తుంచుకోవలసిన అంశం ఒకటుంది. ఒకచోట నిపుణురాలైన నర్సు, తనకు అనుభవం లేని రకం రోగుల మధ్యకు వెళ్తే మళ్లీ కొత్తవారిలా నియమాలు పట్టుకుని నడవవలసి వస్తుంది. మా నర్సును ఓపీకి పంపినప్పుడు ఆమె నేర్చుకున్నది వార్డు కోల్పోయింది, ఓపీకీ ఉపయోగపడలేదు. నర్సింగ్ సూపరింటెండెంట్‌తో మూడుసార్లు కూర్చున్నాక, ప్రత్యేక శిక్షణ పొందినవారిని కనీసం ఏడాది ఆ వార్డులోనే ఉంచాలని, వారి పేరు పక్కన ఆ హోదా డ్యూటీ చార్టులో రాయాలని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. జీతం విషయం మాత్రం నేను ఆ ఆసుపత్రి వదిలేనాటికి కూడా తేలలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

కుదరనివి

గోడల మీద అతికించిన పోస్టర్లను రెండు వారాల తర్వాత ఎవరూ చూడలేదు. ఫోనులో రోజుకో ప్రశ్న పంపాం. పట్టిక ముందే కంఠస్థమైనవారే జవాబులిచ్చారు.

ఇరవై ఏళ్లకు పైగా అనుభవమున్న ఒక సీనియర్ నర్సు, తన లెక్కను ఇంకొకరు చూడటానికి ఒప్పుకోలేదు. "నన్ను పరీక్షించడానికి వచ్చారా సిస్టర్?" అన్నారు. నేను ఎలా అడిగినా ఆమెకు అది అవమానంగానే తోచింది. నేను ఆమెను ఒప్పించలేకపోయాను. ఆమె రోగులను చూసే తీరు వార్డులో అందరికంటే మేలు, ఆమె చార్టులు మాత్రం చివరిదాకా 20ల తోనే నిండి ఉన్నాయి. కొత్తగా చేరినవారు ఆమెను చూసే నేర్చుకుంటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

వేరే వార్డుల నుంచి ఒక్క షిఫ్టు కోసం వచ్చే నర్సుల సంగతికి పరిష్కారం దొరకలేదు. వారు ఉన్న రాత్రి చార్టు పాత పద్ధతికి వెళ్లిపోయేది.

ఈ పని వల్ల ఎంత మేలు జరిగిందని అడిగితే జాగ్రత్తగా చెప్పాలి. ఒకే వార్డు. పోల్చడానికి రెండో వార్డు లేదు. పైగా అయిదో నెలలో రాత్రి షిఫ్టుకు మూడో నర్సును ఇచ్చారు. రాత్రి చార్టుల్లో బేసి అంకెలు నిలదొక్కుకున్నది కూడా ఆ రోజుల్లోనే. ఇందులో శిక్షణ వాటా ఎంత, అదనపు మనిషి వాటా ఎంత అని నేను విడదీయలేను. అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2014లో తొమ్మిది ఐరోపా దేశాల్లో 300 ఆసుపత్రులను, నాలుగు లక్షలకు పైగా సర్జికల్ రోగులను పరిశీలించి రెండు సంగతులు పక్కపక్కన చూపింది. నర్సుకు ఒక రోగి అదనంగా పడటం, రోగి నెలరోజుల్లో మరణించే అవకాశం 7 శాతం పెరగడంతోనూ, డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరగడం, అదే అవకాశం 7 శాతం తగ్గడంతోనూ ముడిపడి ఉన్నాయని. ఒకటి మరొకదానికి కారణమని ఆ పరిశోధన నిరూపించదు. కానీ చదువునూ పనిభారాన్నీ వేర్వేరు ఫైళ్లలో పెట్టే యాజమాన్యాల ముందు నేను ఈ రెండు అంకెలనూ ఎప్పుడూ కలిపే ఉంచుతాను.

డాక్టర్లకు ఫోన్లు పెరిగాయి. కొందరు నా దగ్గరికి వచ్చి ఫిర్యాదు చేశారు, ప్రతి చిన్నదానికీ పిలుస్తున్నారని. ఒక నెల ఫోన్లన్నీ కలిసి కూర్చుని చూశాం. చాలావాటిలో రోగికి పెద్ద ప్రమాదమేమీ తేలలేదు. వాటిని అనవసరపు ఫోన్లు అనకూడదని, ఆ సమయంలో నర్సు చేతిలో ఉన్న అంకెలను బట్టి చేయవలసిన ఫోన్లేనని గంటసేపు వాదించాను.

ఎనిమిదో నెలలో ఒక రాత్రి నేను వార్డులో ఉండగా అలాంటిదే ఒకటి జరిగింది. ఆ లినెన్ గదిలో నాతో మాట్లాడిన నర్సే డ్యూటీలో ఉంది. పిత్తాశయం ఆపరేషన్ అయి రెండో రోజు రోగి. ఆమె మణికట్టు పట్టుకుని పొట్ట మీద ఆనించి, నిమిషం నిలబడి, 23 అని రాసింది. నాడి 98, జ్వరం 38.2, సాచురేషన్ 95. మొత్తం 5. ఫోను తీసింది.

"డాక్టర్ గారూ, సర్జికల్ వార్డు నుంచి. పిత్తాశయం ఆపరేషన్ అయి రెండో రోజు పేషెంటు, స్కోరు 5, శ్వాసలు 23. సాయంత్రం 17 ఉన్నాయి. బీపీ 124. నొప్పి వల్ల కావచ్చు, కానీ నాకు కచ్చితంగా తెలియడం లేదు. మీరు ఇప్పుడు వచ్చి చూడాలండీ."

పది నిమిషాల్లో వచ్చారు. పొట్ట పరీక్షించారు, ఛాతీ విన్నారు. లోతుగా ఊపిరి తీస్తే కుట్ల దగ్గర నొప్పి, అందుకని పైపైన వేగంగా తీస్తున్నారు. నొప్పికి మందు రాసి, రోగిని కూర్చోబెట్టి ఊపిరి వ్యాయామం చేయించమన్నారు. గంట తర్వాత ఆమె మళ్లీ వెళ్లి, దుప్పటి కొంచెం కిందికి జరిపి, వాచీ చూస్తూ నిలబడింది. చార్టులో 19 అని రాసి, పక్క బెడ్డు దగ్గరికి వెళ్లింది.